ఏటికి ఎదురెక్కే చేపలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పిల్లల దగ్గరికి అమెరికా, కెనడా ప్రయాణం పెట్టుకున్న తల్లిదండ్రుల నుంచి ఈసారి ఉత్తరాలు ఎక్కువ వచ్చాయి. వాటిలో చాలా మటుకు సాల్మన్ చేపల గురించే. మత్తడి దుంకినప్పుడు మన దగ్గర ఎదురెక్కే చేపల మీదా కొందరు రాశారు. అన్నిటికీ ఇక్కడే జవాబులిస్తున్నాం.

మా బిడ్డ సియాటెల్ల ఉంటది. సెప్టెంబర్ 20కి పోయి నవంబర్ ఆఖర్ల వస్తం. సాల్మన్ చేపలు ఎదురెక్కేది చూడాల్నని మా ఆయనకు ఎప్పటి నుంచో కోరిక. మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేడు. ఎటు పోతే కనబడ్తయి?
*ఒక పాఠకురాలు, హనుమకొండ*

మీరు పట్టుకున్న రోజులు మంచివి. ఒక్కో రకం సాల్మన్ ఒక్కో నెలలో ఎక్కుతుంది. ఈ రెండు నెలల్లో కనీసం నాలుగు రకాలు (కోహో, చినూక్, సాకై, చమ్) చూడొచ్చు, అదీ ఊరి చుట్టుపక్కలే.

దిగిన వారంలోనే బల్లార్డ్ లాక్స్‌కు పోండి. సముద్రపు పాయకూ, ఊరి మధ్య చెరువులకూ నడుమ 1917లో తెరిచిన పడవల లాకులు అవి. పక్కనే చేపలకు కట్టిన మెట్ల కాలువ ఉంది. ఇప్పుడున్న 21 మెట్లు 1976లో కట్టినవి. నేల కింది గదిలో అద్దాల వెనక నిలబడితే చేప మీ ముఖానికి జానెడు దూరంలో ఈదుతుంది. టికెట్ లేదు. సెప్టెంబర్ ఆఖరులో అక్కడ ఎక్కువ కనబడేది కోహో. చినూక్ ఆగస్టు ఆఖరుకే ఉధృతంగా ఎక్కి, మీరు పోయేసరికి పలచబడుతుంది. ఒక్క సంగతి: పెద్ద గేటు ఉత్తరం పక్కన, చేపల మెట్లు దక్షిణం పక్కన. అటు నుంచి లోపలికి పోతే లాకుల మీద నుంచి దాటి నడవాలి. మోకాళ్ళ నొప్పి ఉన్నాయన కాబట్టి దక్షిణం వైపున్న కమడోర్ పార్కు దగ్గర దించమనండి.

అక్టోబర్ మొదట్లో ఇసక్వా. ఊరి నడిబొడ్డున 1936లో కట్టిన చేపపిల్లల కేంద్రం, చదును నేల, వంతెన మీద నిలబడితే కింద వాగు నిండా చినూక్. మీకు మేము మొదట చెప్పే చోటు ఇదే. అయితే అక్టోబర్ మొదటి శని, ఆదివారాల్లో అక్కడ సాల్మన్ జాతర జరుగుతుంది. మేడారం తోవలో కారు పెట్టినట్టే ఉంటుంది. ఆ రెండు రోజులు వదిలి మంగళవారమో బుధవారమో పోండి.

అక్టోబర్ నడుమ రెంటన్ దగ్గర సీడార్ నది. ఫొటోల్లో చూసే ఎర్రటి ఒళ్ళు, ఆకుపచ్చ తల ఉన్న సాకై ఇక్కడ దొరుకుతుంది. ఇవి జులైలోనే బల్లార్డ్ మెట్లెక్కి, ఎండాకాలమంతా చెరువు అడుగున చల్లటి నీళ్ళలో ఆగి, చలి మొదలయ్యాక నదిలోకి వస్తాయి.

నవంబర్ మూడో, నాలుగో వారంలో కార్కీక్ పార్కులోని పైపర్స్ క్రీక్. మన పంట కాలువంత చిన్న వాగు, అందులో చమ్ సాల్మన్. నీళ్ళు పిక్కల లోతు కూడా ఉండవు, సగం వీపు బయటే ఉంటుంది. ఇక్కడ వానను చూసుకొని పోవాలి. వాగు సన్నగా ఉన్నన్నాళ్ళు చేపలు సముద్రం మొగలోనే ఆగుతాయి, గట్టి వాన పడ్డ మర్నాడు కట్టగట్టుకొని ఎక్కుతాయి. గొడుగు కాదు, టోపీ ఉన్న వాన కోటు తీసుకపోండి. తెరిచిన గొడుగు నీడ నీళ్ళ మీద పడితే చేప బెదురుతుంది.

పింక్ సాల్మన్ మాత్రం ఆ ప్రాంతపు నదుల్లోకి బేసి సంఖ్య ఏడాదిలోనే మందలుగా వస్తుంది. దాని ఆయుష్షు కచ్చితంగా రెండేళ్ళు, అందుకే ఈ లెక్క.

పోయిన సారి మావోడు వాంకూవర్ల ఓ నది కాడికి తీస్కపోయిండు. రెండు గంటలు నిలబడ్డా ఒక్క చేప కండ్ల పడలే. పక్కోళ్ళు మాత్రం అదిగో ఇదిగో అంటున్నరు. మాకెందుకు కనబడలే?
*ఒక పాఠకుడు, కరీంనగర్*

నీళ్ళ పైభాగాన్ని చూశారు, అడుగును చూడలేదు. అందరూ చేసే పొరపాటే.

మొదట కావాల్సింది పోలరైజ్డ్ కళ్ళద్దాలు. మామూలు నల్ల అద్దాలు వెలుగును తగ్గిస్తాయి గానీ నీటి మీది తళుకును కోయవు. కొనేటప్పుడు చిన్న పరీక్ష: అద్దం లోంచి ఫోన్ తెర చూస్తూ ఫోన్‌ను మెల్లగా తిప్పండి. ఏదో ఒక వాలులో తెర నల్లబడితే అసలువి. పెట్టుకున్నాక కూడా తలను కొంచెం అటూ ఇటూ వంచితే ఒక చోట తళుకు పూర్తిగా పోయి రాళ్ళు తేలతాయి.

రెండోది, నిలబడే చోటు. సూర్యుడు వీపు వెనక, నెత్తికి పైగా ఉండాలి. పొద్దున పది నుంచి రెండు దాకా మేలు. వంతెన ఉంటే వంతెన మీంచి, లేదంటే ఎత్తు గట్టు మీంచి చూడాలి. మీ నీడ నీళ్ళలో పడొద్దు. ఎర్ర, పసుపు అంగీలు వద్దు.

మూడోది, ఎక్కడ వెతకాలో తెలియడం. నడి ఏట్లో నురుగులు కక్కే చోట చేప నిలవదు, దాని శక్తి వృథా. పెద్ద బండ వెనక, గట్టు కింద నీడలో, గుండం తోకలో, అంటే లోతు నీళ్ళు మళ్ళీ పల్చబడి జారడం మొదలుపెట్టే అంచున చూడండి. చేప మొత్తం ఒకేసారి కనబడదు. అడుగు రాళ్ళలో ఒక రాయి మాత్రం కదులుతున్నట్టుంటే అదే. తోక చివర తెల్లగా అరిగి ఉంటుంది, ముందు కంటికి ఆనేది ఆ తెలుపే.

వాంకూవర్ మళ్ళీ పోతే కాపిలానో నది దగ్గరి చేపపిల్లల కేంద్రానికి పోండి, అద్దాల కిటికీలు ఉన్నాయి. ఓపిక ఉంటే ఆడమ్స్ నది. సముద్రానికి దాదాపు 500 కిలోమీటర్ల లోపల ఉంటుంది. అక్కడ సాకై నాలుగేళ్ళకొకసారి విరగబడి వస్తుంది. 2010, 2014, 2018, 2022 అట్లాంటి ఏళ్ళు, ఆ వరుసలో తర్వాతిది 2026. అక్టోబర్ మొదటి రెండు వారాలు చూసుకోండి.

చేపలలో ఏది చినూక్, ఏది కోహో అని ఎట్ల పోల్చాలె?
*డిగ్రీ విద్యార్థి, మంచిర్యాల*

నోరు, తోక చూడండి. చినూక్‌కు చిగుళ్ళు నల్లగా ఉంటాయి, తోక మొత్తం మీద మచ్చలు. కోహోకు నోరు నల్లగా ఉన్నా పళ్ళ మొదట చిగురు తెలుపు, మచ్చలు తోక పై సగంలోనే. చమ్‌కు పక్కల మీద పులి చారల్లా ఊదా రంగు అడ్డ చారలు. మగ పింక్‌కు వీపు మీద మూపురం. సాకైకి ముదిరాక ఎర్ర ఒళ్ళు, పచ్చ తల. సముద్రం నుంచి అప్పుడే వచ్చినప్పుడు మాత్రం అన్నీ వెండి రంగులోనే ఉంటాయి, అప్పుడు గీత గీసి చెప్పడం చెయ్యి తిరిగిన వాళ్ళకూ కష్టమే.

ఆడ చేప గూడు చేస్తదని చదివిన. రాళ్ళల్ల గూడేంది? గుడ్లు పెట్టేది మన కండ్లతోటి చూడొచ్చా?
*ఒక పాఠకుడు, జగిత్యాల*

చూడొచ్చు. గంటసేపు ఒకే చోట కదలకుండా కూర్చోగలిగితే చాలు.

ముందు గూడును గుర్తుపట్టాలి. ఏటి అడుగు రాళ్ళకు నాచు పట్టి గోధుమ రంగుగా ఉంటుంది. ఆడ చేప తవ్విన చోట రాళ్ళు దొర్లి కడిగినట్టు తెల్లగా కనబడతాయి. పెద్ద చినూక్ గూడైతే మంచమంత ఉంటుంది. ఆ తెల్ల మచ్చ ఎదుట కూర్చోండి.

ఆడ చేప ఒక పక్కకు ఒరిగి, తోకతో అడుగును ఐదారు సార్లు టపటపా కొడుతుంది. తోక రాళ్ళకు పెద్దగా తగలదు. అది పైకి లేచినప్పుడు పుట్టే గుంజుడుకు కంకర లేచి, ప్రవాహం దాన్ని కిందికి మోసుకుపోతుంది. మట్టి కొట్టుకపోతుంది, బరువు రాళ్ళు మిగులుతాయి. మళ్ళీ నిలబడుతుంది, మళ్ళీ ఒరుగుతుంది. మధ్య మధ్య గుంట మీదికి వచ్చి పొట్ట కింది రెక్కను దించి లోతు చూసుకుంటుంది, బావిలో తాడు వదిలి నీళ్ళు చూసినట్టు. ఈ రెక్క దించడం ఎక్కువైందంటే కళ్ళు తిప్పకండి. పెద్ద మగ చేప పక్కకు చేరి ఒళ్ళంతా వణికిస్తుంది. రెండూ ఒకేసారి నోళ్ళు బార్లా తెరుస్తాయి. అంతే, కొన్ని సెకన్లు. నీళ్ళు ఒక్క క్షణం పాల రంగు తిరుగుతాయి. శనగ గింజంత నారింజ గుడ్లు రాళ్ళ సందుల్లోకి జారిపోతాయి. వెంటనే ఆడ చేప కాస్త ఎగువకు జరిగి మళ్ళీ తవ్వుతుంది. ఆ కంకర వచ్చి మొదటి గుడ్ల మీద పడి కప్పేస్తుంది, రెండో గుంటా తయారవుతుంది. ఒకే దెబ్బకు రెండు పనులు. ఇట్లా నాలుగైదు గుంటలు.

సాకై ఒక్కొక్కటి మూడు వేల గుడ్లు అటూ ఇటూగా పెడుతుంది, చినూక్ నాలుగైదు వేలు. నీళ్ళు 10 డిగ్రీలుంటే చినూక్ గుడ్డు పొదగడానికి 50 రోజులు పడుతుంది. అన్నాళ్ళూ రాళ్ళ సందున చల్లటి నీళ్ళు పారుతూ ఉండాలి. నీళ్ళు వేడెక్కినా, ఎగువన చెట్లు కొట్టి మట్టి కొట్టుకొచ్చి సందులు పూడినా గుడ్లు ఊపిరాడక చస్తాయి. మనుషులు నీళ్ళలో దిగొద్దనేది అందుకే. ఆ తెల్ల మచ్చ మీద ఒక్క అడుగు పడితే కింద వందల గుడ్లు నలుగుతాయి. ఫొటో కోసం చాలా మంది సరిగ్గా ఆ పనే చేస్తారు.

గుడ్లు పెట్టినంక చేపలు ఎందుకు చచ్చిపోతయి? మరీ అన్యాయం కదా.
*ఒక పాఠకురాలు, నర్సంపేట*

పసిఫిక్ సముద్రపు సాల్మన్‌లలో ఈ ఐదు రకాలకూ అదే రాత. అట్లాంటిక్ సాల్మన్‌లో కొన్ని బతికి మళ్ళీ సముద్రానికి పోతాయి.

కారణం ఆకలి. మంచినీళ్ళలోకి వచ్చాక అవి తిండి మానేస్తాయి, కడుపు సంచి ముడుచుకపోతుంది. వందల కిలోమీటర్ల ఎదురీతకూ, గుడ్ల తయారీకీ ఒంట్లోని కొవ్వూ కండే ఇంధనం. తిన్న రొయ్య జాతి పురుగుల వల్ల కండకు పట్టిన ఎర్ర రంగు చర్మంలోకీ గుడ్లలోకీ దిగుతుంది. మనం మురిసి చూసే ఆ ఎరుపు నిజానికి కరిగిపోతున్న ఒళ్ళు. దానికి తోడు కార్టిసాల్ అనే హార్మోన్ విపరీతంగా పెరిగి రోగాన్ని తట్టుకునే శక్తి పడిపోతుంది. ఒంటి మీద దూది అంటినట్టు తెల్ల మచ్చలు కనబడితే అది బూజు.

చచ్చిన చేపలను చూసి ముక్కు మూసుకోవద్దు, తీసి పారేయొద్దు. వాటిని తినే పురుగులే మూడు నెలల తర్వాత పుట్టిన పిల్లలకు మేత. ఎలుగుబంట్లు లాక్కుపోయి వదిలేసిన ముక్కలు ఒడ్డు చెట్లకు ఎరువు.

పుట్టిన వాగు అదేనని చేపకు ఎట్ల తెలుస్తది? పిల్లలు అడిగితే సైన్సు ప్రకారం ఏం చెప్పాలె?
*ఒక ఉపాధ్యాయుడు, పెద్దపల్లి*

రెండు దశలుగా చెప్పండి. నడి సముద్రంలో భూమి అయస్కాంత బలం దారి చూపుతుంది. నది మొగకు వచ్చాక వాసన. ప్రతి వాగు నీటికీ దాని మట్టిని, రాళ్ళను, ఆకులను బట్టి ఒక వాసన ఉంటుంది. పిల్ల చేప సముద్రానికి దిగే రోజుల్లో ఆ వాసన దాని మెదడులో ముద్ర పడుతుంది.

పిల్లలకు నచ్చే ప్రయోగం ఒకటి: అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త ఆర్థర్ హాస్లర్ బృందం 1970లలో పిల్ల కోహోలను మార్ఫొలిన్ అనే రసాయనం కలిపిన నీళ్ళకు అలవాటు చేసి మిచిగన్ సరస్సులో వదిలింది. అవి పెద్దయి వచ్చే వేళకు ఒక వాగులో చుక్కలు చుక్కలుగా అదే రసాయనం వదిలారు. అలవాటు పడ్డ చేపలు ఆ వాగునే వెతుక్కుంటూ వచ్చాయి. అన్నీ సొంత వాగుకే వస్తాయని మాత్రం చెప్పకండి. కొన్ని దారి తప్పుతాయి. తప్పడం కూడా మంచిదే, కొత్త వాగుల్లో సాల్మన్ పుట్టేది వాటి వల్లనే.

ఒక్కటి పట్టి ఇంటికి తెచ్చి పులుసు పెట్టుకోవచ్చా?
*ఒక పాఠకుడు, హుజూరాబాద్*

లైసెన్సు లేకుండా గాలం వేస్తే జరిమానా పడుతుంది. గుడ్లు పెట్టే చేపను తాకినా తప్పే. అయినా ఆ దశలో కండ పాలిపోయి, మెత్తబడి, పులుసుకు పనికి రాదు. మీ పిల్లల ఇంట్లో కుక్క ఉంటే దాన్ని మాత్రం గట్టిగా పట్టుకోండి. వాయవ్య తీరంలో పచ్చి సాల్మన్ తిన్న కుక్కకు ఒక పరాన్నజీవి మోసుకొచ్చే బ్యాక్టీరియా వల్ల ప్రాణాంతక జబ్బు రావచ్చు. ఇక మన మార్కెట్లో ఇండియన్ సాల్మన్ పేరుతో అమ్మేది మాగ చేప, దీనికీ దానికీ చుట్టరికం లేదు.

పాకాల మత్తడి దుంకినప్పుడు చేపలు ఎదురెక్కుతయి కదా. అది గూడ సాల్మన్ లెక్కనేనా? ఎప్పుడు పోతే చూడొచ్చు?
*ఒక పాఠకుడు, ఖానాపురం*

గుడ్ల కోసం ఎదురెక్కడం వరకు ఒకటే, మిగతాదంతా వేరు. మన చేపలు సముద్రం నుంచి రావు, గుడ్లు పెట్టి చావవు, పుట్టిన చోటే కావాలని పట్టు పట్టవు. కొత్త నీరు తగిలితే చాలు, పల్లపు నీళ్ళు పరుచుకున్న పొలాల వైపు కదులుతాయి. మత్తడి మీంచి కిందికి కొట్టుకపోయినవి వెనక్కి రావాలని ఎగబాకేవీ వాటిలో ఉంటాయి.

రవ్వ, బొచ్చె కిలో బరువుకు లక్షకు పైగా గుడ్లు పెడతాయి. గూడు లేదు, కాపలా లేదు. మన వానాకాలపు వెచ్చటి నీళ్ళలో 14 నుంచి 18 గంటల్లో పిల్ల బయటికొస్తుంది. ఆ చేపలకు పారే వరద కావాలి, నిలిచిన చెరువులో పెట్టవు. ఏటా చెరువుల్లో పిల్లలను తెచ్చి పోయాల్సి వస్తున్నది అందుకే. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి సూది మందుతో వాటి చేత గుడ్లు పెట్టించాకే ఆ పిల్లలు హాచరీల్లో దొరకడం మొదలైంది. కొర్రమట్ట తీరు వేరు, అది ఎక్కడికీ పోదు. గడ్డిలో గూడు చేసి ఎర్ర పిల్లల మందను వెంటేసుకొని కాస్తుంది.

ఎప్పుడు చూడాలంటే, మత్తడి భారీగా దుంకే రోజు కాదు. వరద తగ్గి, నీరు చీలమండ లోతు పల్చగా జారే రోజు తెల్లవారు జామున, లేకపోతే పొద్దు గూకే వేళ. నడుమ కాదు, గోడ పక్కల అంచుల్లో చూడాలి. పరకలు, జెల్లలు అక్కడే తడి రాయిని అంటుకొని ఎక్కుతాయి. మత్తడి రాళ్ళ మీద నాచు సబ్బులా ఉంటుంది, పైన వాన పడితే నీరు నిమిషాల్లో పెరుగుతుంది. గట్టు దిగకండి.

మిరుగం నాడు మన ఇళ్ళల్లో చేప వండాల్సిందే. కాని ఆ రోజుల్లో మత్తడి కింద వరస బుట్టలు పెట్టి ఎక్కే చేపనల్లా ఊడ్చేస్తే వచ్చే ఏడు ఆ చెరువులో పరక పిల్ల దొరకదు. గుడ్డు కడుపుతో ఎక్కే చేపను ఒక్క పదిహేను రోజులు వదిలేయడం మత్స్య సంఘానికే లాభం.

గోదావరి మా ఊరి పక్క నుంచే పోతది. పులస మా దాకా ఎందుకు రాదు?
*ఒక పాఠకురాలు, ధర్మపురి*

ధవళేశ్వరం అడ్డం. అక్కడ మొదటి ఆనకట్ట 1852లో పూర్తయింది. పులస వరద నీటికి సముద్రం నుంచి ఎక్కే చేపే, కాని సాల్మన్‌లా ఎగిరి దూకే చేప కాదు. గోడ వచ్చిందంటే అక్కడే ఆగిపోతుంది. గుడ్లు పెట్టాక బతికి ఉంటే సముద్రానికి తిరిగి పోతుంది. దీనికి సరిగ్గా ఎదురు నడక మలుగు పాము అనే చేపది: నదిలో పెరిగి, గుడ్లకు సముద్రం దారి పడుతుంది.

మా వాగు మీద మీటరు ఎత్తు చెక్‌డ్యాం కట్టిన్రు. అప్పటి సంది ఎగువకు చేపలు ఎక్కుతలేవు. అమెరికాలోని లెక్క మెట్లు కడ్తే ఎక్కుతయా? కొలతలు చెప్పండి.
*మత్స్య సంఘం సభ్యుడు, ములుగు జిల్లా*

అక్కడి మెట్లు అట్లనే దించితే ఎక్కవు. సాల్మన్ మెట్టుకు మెట్టుకు 30 సెంటీమీటర్ల తేడా ఉంటుంది. అది రెండు మీటర్ల పైకి ఎగరగల చేప, దానికి ఆ మెట్టు లెక్క కాదు. మన పరకకూ జెల్లకూ 10 నుంచి 15 సెంటీమీటర్లకు మించొద్దు.

మీటరు ఎత్తుకు మెట్ల కంటే రాళ్ళ వాలు మేలు, ఖర్చూ తక్కువ. 20కి 1 వాలు పెట్టండి: ఒక మీటరు ఎత్తుకు 20 మీటర్ల పొడవు. దాని మీద మోకాలెత్తు బండలను వరస తప్పించి పాతాలి, ఒక్కో బండ వెనక చేప ఊపిరి పీల్చుకునే నిలకడ నీళ్ళు ఏర్పడతాయి. వాలును అడ్డంగా నడుమ పల్లం, పక్కలు మెరక ఉండేటట్టు చేయండి. నీళ్ళు తక్కువున్నప్పుడు నడుమ పారతాయి, ఎక్కువున్నప్పుడు చిన్న చేపలు పక్క అంచుల్లో ఎక్కుతాయి.

చాలా చోట్ల చెడేది మొగ దగ్గర. చేప ప్రవాహపు చప్పుడును పట్టుకొని సరాసరి గోడ కిందికి వస్తుంది. మీ వాలు మొగ 20 మీటర్లు దిగువన ఉంటే దాన్ని దాటిపోయి గోడకే తల కొట్టుకుంటుంది. అందుకని వాలును నడుమ మలిపి, కింది మొగ గోడ పాదం పక్కనే తేలేటట్టు కట్టాలి. పై మొగ మాత్రం గోడకు కాస్త ఎగువన ఉండాలి, లేకపోతే ఎక్కిన చేప అలసి మళ్ళీ గోడ మీంచి కిందికి కొట్టుకపోతుంది. ఎగిరే చేపల కోసం గోడ కింద గుండం ఉంచదలిస్తే ఎగరాల్సిన ఎత్తుకు ఒకటింబావు వంతు లోతుండాలి.

నిర్వహణ మీ చేతిలో పని. ప్రతి వరద తర్వాత కొమ్మలు, ప్లాస్టిక్ తీయకపోతే ఒక్క కాలంలోనే పూడుతుంది. గోడను తాకే పని కాబట్టి ముందు నీటిపారుదల శాఖ ఇంజనీరుకు చూపించి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఇసుక తవ్వే వాగైతే దిగువ మట్టం ఏటా కుంగుతుంది. అప్పుడు వాలు కింది కొస గాలిలో తేలి, అదే ఇంకో గోడ అవుతుంది. అందుకే కింది కొస రాళ్ళను మీటరు లోతు దాకా పాతించండి.